రంగు పడ్డ స్ప్రింక్లర్ హెడ్‌ను తుడవకండి, మార్చండి

ప్రశ్న: సీలింగ్‌కు రంగులు వేయించినప్పుడు కొన్ని స్ప్రింక్లర్ హెడ్ల మీద పెయింట్ పడింది. థిన్నర్‌తో తుడిస్తే సరిపోతుందా?

సరిపోదండి, మార్చాల్సిందే. హెడ్‌లో ద్రవం నింపిన చిన్న గాజు బల్బు ఉంటుంది, మంట వేడికి అది పగిలితే మూత ఊడి నీళ్లు చిమ్ముతాయి. బల్బు మీద పూత పడితే లోపలి ద్రవానికి వేడి ఆలస్యంగా చేరుతుంది. తీరా బల్బు పగిలినా, అంచుల్లోకి దిగి గట్టిపడిన పెయింట్ మూతను వదలకపోవచ్చు. థిన్నర్‌తో పైపైన శుభ్రమవుతుంది గానీ, లోపల సీలుకు ఏమైందో కంటికి కనబడదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు తప్ప ఇంకేది అంటినా మార్చమనే ఎన్‌ఎఫ్‌పీఏ 25 (స్ప్రింక్లర్ల తనిఖీ, నిర్వహణకు అమెరికా ప్రమాణం) చెబుతుంది. తుప్పు పట్టినా, నీరు కారుతున్నా, బల్బులో ద్రవం తగ్గినా అంతే. వట్టి దుమ్మయితే మాత్రం చెయ్యి తగలకుండా వాక్యూమ్‌తో తీసేయవచ్చు.

సీలింగ్‌లో దాగి ఉండే రకంతో ఇంకా జాగ్రత్త. దాని మూతపలకను టంకంతో అతికిస్తారు. మంట వేడికి, సాధారణంగా 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది ఊడి పడాలి. పెయింటర్ అందంగా ఉంటుందని అంచు చుట్టూ పుట్టీ పట్టిస్తే ఇక ఊడదు.

ప్రశ్న: ఎర్ర బల్బు హెడ్ దొరకలేదు. ఆకుపచ్చది బిగించవచ్చా?

వద్దు. ఎరుపు 68 డిగ్రీలకు పగులుతుంది, ఆకుపచ్చ 93కు. మంట అంతసేపు ఎక్కువ పెరుగుతుంది. అలాగని బాయిలర్ గదిలాంటి వేడి చోట ఎర్రది పెడితే మంట లేకుండానే పగిలి గదంతా నీళ్లవుతుంది. సీలింగ్ దగ్గర వేడి 38 డిగ్రీలు దాటని చోటికే ఎర్ర బల్బు.

బల్బు రంగు కలిసినంత మాత్రాన సరిపోదు. కె-ఫ్యాక్టర్ (హెడ్ ఎంత నీరు వదులుతుందో చెప్పే సంఖ్య) 80 ఉన్న హెడ్ 1 బార్ ఒత్తిడిలో నిమిషానికి 80 లీటర్లు వదులుతుంది, 115 ఉన్నది 115 లీటర్లు. పైపులు, పంపు ఆ లెక్క మీదే వేసి ఉంటాయి. కిందికి వేలాడేదా, పైకి నిలబడేదా, గోడ రకమా అన్నదీ చూడాలి. త్వరగా స్పందించే రకానికి బల్బు సన్నగా, సాధారణంగా 3 మి.మీ. ఉంటుంది, మామూలు దానికి 5 మి.మీ. పాత హెడ్ డిఫ్లెక్టర్ (నీళ్లను చుట్టూ చిమ్మే పలక) మీద చిన్న అక్షరాల్లో చెక్కిన గుర్తింపు సంఖ్య చెప్పి అదే అడగండి.

ప్రశ్న: ఒక్క హెడ్ మార్చడానికి భవనం మొత్తం నీళ్లు ఆపాలా?

అక్కర్లేదు. ఆ అంతస్తు వాల్వు ఒక్కటి మూస్తే చాలు, పంపు ఆటోలోనే ఉండనివ్వండి. ముందుగా అలారం చూసేవాళ్లకు, భవనం నిర్వాహకులకు చెప్పండి. నీళ్లు తిరిగి నింపేటప్పుడు, పైపులో నీటి కదలికను పసిగట్టే ఫ్లో స్విచ్ అలారం మోగిస్తుంది. డ్రెయిన్ తెరిచి, లైను చివరి టెస్ట్ వాల్వూ తెరిస్తే గాలి లోపలికి వెళ్లి నీళ్లు పూర్తిగా దిగుతాయి. గేజ్ సున్నాకు రాకపోతే వాల్వు సరిగ్గా మూయలేదన్నమాట, అక్కడే ఆగండి. సున్నా చూపినా కింద బకెట్ పెట్టండి, వంపుల్లో నల్లటి నీళ్లు మిగిలే ఉంటాయి.

పాత హెడ్ విప్పాక పైపు మరల్లోని పాత టేపు ముక్కలన్నీ తీసేయండి, లోపలికి జారితే కొత్త హెడ్ రంధ్రానికి అడ్డం పడతాయి. టెఫ్లాన్ టేపు హెడ్ మరల మీదే, మొదటి మర వదిలి చుట్టాలి. చేత్తో బిగిసేదాకా తిప్పి, తర్వాత ఆ మోడల్‌కు ఇచ్చిన పానాతోనే తిప్పండి. మామూలు పానా బల్బుకు రెండు వైపులా ఉండే ఫ్రేము కమ్మీలను పట్టుకుని వంచేస్తుంది, బల్బుకు కంటికి కనబడని పగులు వస్తుంది. అర అంగుళం హెడ్లలో చాలా మోడళ్లకు 9.5 నుంచి 19 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అతిగా బిగిస్తే మూత కూర్చునే సీటు వంగి, తర్వాతెప్పుడో కారడం మొదలవుతుంది. దిశ సరిపోలేదని వెనక్కి తిప్పకండి. బల్బుకున్న ప్లాస్టిక్ తొడుగు బిగించాకే తీయాలి. ఒకసారి విప్పిన హెడ్‌ను మళ్లీ వాడకూడదు.

టెస్ట్ వాల్వు తెరిచే ఉంచి, డ్రెయిన్ మూసి, నీళ్లు నెమ్మదిగా నింపండి. గాలి పోయి నీళ్లు ధారగా వచ్చాక టెస్ట్ వాల్వూ మూయండి. చివరిగా మెయిన్ డ్రెయిన్ తెరిచి గేజ్ రీడింగు పాత రీడింగుతో పోల్చండి. బాగా పడిపోతే వాల్వు సగమే తెరుచుకుని ఉండవచ్చు. స్ప్రింక్లర్లు మంట మీద పని చేయకపోవడానికి తరచూ కనబడే కారణం మూసి మరిచిన వాల్వే. అందుకే ఈ పరీక్ష మాత్రం మానకండి.

ప్రశ్న: విడి హెడ్లు ఎన్ని ఉంచుకోవాలి?

భవనంలో 300 లోపుంటే కనీసం 6, వెయ్యి దాకా 12, ఆపైన 24. ఉన్న ప్రతి రకానికీ విడి హెడ్లు ఉండాలి, ప్రతి రకానికీ సరిపడే పానా పక్కనే ఉండాలి. పెట్టెను 38 డిగ్రీలు దాటని చోట పెట్టండి.