సరిహద్దు దాటి తెచ్చుకున్న మందులు

ప్రశ్న: ఎయిడ్స్ కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికాలో రోగులు అనుమతి లేని మందులు మెక్సికో నుంచి, జపాన్ నుంచి తెప్పించుకుని మింగేవారట. చదువుకున్నవాళ్లు కూడా అలా ఎలా మోసపోయారండీ? ఒక్కటైనా పనిచేసిందా?

జవాబు: మోసపోయారని అనడానికి నాకు మనసు రావడం లేదు. ఒకసారి తేదీలు చూడండి. ఈ జబ్బు మీద మొదటి రిపోర్టు వచ్చింది 1981 జూన్‌లో, వైరస్ మీద పనిచేసే తొలి మందు ఏజెడ్‌టీకి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి దొరికింది 1987 మార్చిలో, అదీ ఏడాదికి దాదాపు 10,000 డాలర్ల ఖర్చుతో. ఆ మధ్యలో దాదాపు ఆరేళ్లు పోయాయి. స్నేహితులు ఒక్కొక్కరే పోతుంటే చూస్తూ ఎవరు కూర్చుంటారు చెప్పండి? మెక్సికో సరిహద్దు ఊరు టిహువానా వెళ్లి అక్కడి మందుల షాపుల్లో రైబావిరిన్, ఐసోప్రినోసిన్ అనే మందులు కొనుక్కుని, కారులో దాచి తెచ్చుకునేవారు. జపాన్‌లో కొలెస్టరాల్‌కి వాడే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ కూడా అలాగే వచ్చేది. ఏఎల్-721 అని ఇంకోటి ఉండేది, గుడ్డు పచ్చసొనలోంచి తీసిన కొవ్వు. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టుకుని, పొద్దున్నే వెన్న రాసినట్టు రొట్టె మీద రాసుకుని తినేవారు. కొందరైతే ఇంట్లోనే కలుపుకునేవారు.

పనిచేశాయా అంటే, లేదు. డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ గాజు గొట్టంలో వైరస్‌ని ఆపింది గానీ, మింగితే రక్తంలోకి చేరేదే చాలా తక్కువ. చైనా దోసజాతి మొక్క వేరు నుంచి తీసిన కాంపౌండ్ క్యూ ఇంకా ప్రమాదం. 1989లో దాన్ని గుట్టుగా ఎక్కించుకున్నవాళ్లలో కొందరు కోమాలోకి వెళ్లారు, చనిపోయినవారూ ఉన్నారు.

ఇక్కడే నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఏజెడ్‌టీ పరీక్షలో పోల్చి చూడటానికి సగంమందికి మందు లేని ఉత్తుత్తి మాత్రలిచ్చారు. రోగులకు అది ఒళ్లు మండే విషయం, అసలు మందు దొరికినవాళ్లు మిగతావాళ్లతో పంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ పరీక్ష వల్లే తేలింది: 282 మందిలో ఉత్తుత్తి మాత్రల వైపు 19 మంది, మందు వైపు ఒక్కరు చనిపోయారు, దాంతో 1986లో పరీక్షను మధ్యలోనే ఆపి అందరికీ మందిచ్చారు. రొట్టె మీద రాసుకున్నదానికి అలాంటి లెక్క ఎవరు కట్టారు?

అయితే మందుల కోసం రోగులు చేసిన గొడవ వృథా కాలేదు. 1988లో సొంత వాడకానికి కొద్దిమొత్తంలో బయటి దేశాల మందులు తెచ్చుకోవడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఉద్యమకారులు రాక్‌విల్ ఊళ్లోని ఎఫ్‌డీఏ ఆఫీసును ముట్టడించారు. మరుసటి ఏడాది డీడీఐ అనే మందు, అనుమతి రాకముందే, పరీక్షలో చేరలేని రోగులకూ అందింది.