మీ అమ్మాయి పేరు రీసెర్చ్ పేపర్లో పైకి రావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.ఎస్. జనరల్ సర్జరీ రెండో సంవత్సరం. ఒక విదేశీ యూనివర్సిటీ నడిపిన స్టడీ కోసం డ్యూటీ అయ్యాక రాత్రుళ్లు కూర్చుని నలభై మంది పేషెంట్ల వివరాలు ఎక్కించింది. పేపరు వచ్చాక చూస్తే తన పేరు చివర, చిన్న అక్షరాల్లో, వందల పేర్ల మధ్య ఉంది. పైన రచయితల వరుసలో మన దేశం వాళ్లు ఒక్కరూ లేరు. రీసెర్చ్ మానేసి ఆపరేషన్లు నేర్చుకోమంటున్నాం. తప్పా?
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: నిద్ర మానుకుని చేసిన పని అలా మూలన పడితే కన్నవాళ్లకు కడుపు మండుతుంది, అది న్యాయమే. కానీ మాన్పించకండి సార్. ఆపరేషన్లు ఎలాగూ నేర్చుకుంటుంది. రాసే అలవాటు పీజీలో పోతే మళ్లీ రావడం కష్టం.

ఆ చిన్న అక్షరాల వాళ్లను కొలాబరేటర్లు అంటారు. వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితా అయిన పబ్‌మెడ్‌లో చాలా పేపర్లకు ఆ పేర్లూ ఎక్కుతాయి. బయోడేటాలో కొలాబరేటర్ అనే రాసుకోమనండి, రచయిత అని రాయొద్దు. అయితే ఉద్యోగానికొచ్చేసరికి తేడా ఉంది. టీచింగ్ పోస్టుల అర్హతలపై 2022లో ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) ఇచ్చిన నిబంధనల్లో (2025లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి), పదోన్నతికి చూపించే పేపర్లో మొదటి ముగ్గురిలో ఒకరుగానో, కరస్పాండింగ్ ఆథర్‌గానో (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) ఉండాలన్నారు. ఆ లెక్కన చివర ఉన్న పేరు అక్కరకు రాదు.

ఇది మీ ఇంటి సమస్య ఒక్కటే కాదు. 2015లో లాన్సెట్ అనే పెద్ద వైద్య జర్నల్ వేసిన కమిషన్ లెక్క వేస్తే, ప్రపంచంలో ఏటా జరిగే 31 కోట్ల పైచిలుకు ఆపరేషన్లలో, జనాభాలో అత్యంత పేద మూడో వంతుకు అందుతున్నవి 6 శాతమే. జబ్బులూ పేషెంట్లూ ఇటువైపు, పేద దేశాల్లో ఉంటే నిధులు, స్టాటిస్టీషియన్లు, పెద్ద జర్నళ్ల ఎడిటర్లు ఎక్కువగా అటువైపు, ధనిక దేశాల్లో ఉన్నారు. ప్రశ్న అక్కడ పుడుతుంది, ఫారాలు ఇక్కడ నిండుతాయి.

మన ఊరికి ఇది కొత్త కాదు. క్లోరోఫాం మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. రెండో దానికి నిజాం డబ్బిస్తే లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఫలితాలు లాన్సెట్‌లో అచ్చయ్యాయి. ఇక్కడి మెడికల్ స్కూల్ నడిపిన, ఆ కమిషన్ల వెనకున్న ఎడ్వర్డ్ లారీ పేరు వైద్యచరిత్రలో నిలిచింది. ఆయన దగ్గర చదువుకుని, ఆ రోజుల్లోనే ఇక్కడ క్లోరోఫాం ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఎవరో మీ అమ్మాయి బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాల్లో రచయిత కావడానికి నాలుగు షరతులున్నాయి. పనిలో గణనీయమైన పాత్ర ఉండాలి (డేటా సేకరణ కూడా అందులోకి వస్తుంది), రాతలో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, బాధ్యత వహించాలి. డ్రాఫ్టే చేతికి రాకపోతే మిగతా మూడూ ఎలా నెరవేరతాయి? అందుకే, మొదటి షరతు నెరవేర్చిన వాళ్లకు మిగతావాటిలోనూ అవకాశం ఇవ్వాలని ఆ నియమాల్లోనే ఉంది. చాలామంది పీజీలకు ఈ మాట తెలియదు. తెలిసినా అడగడానికి మొహమాటం.

ఇకమీద ఏ స్టడీలో చేరినా ముందే ఈమెయిల్లో అడగమనండి. డ్రాఫ్ట్ మాకు పంపుతారా? రాసే బృందంలో మన దేశం వాళ్లు ఎవరున్నారు? మా ఆసుపత్రి డేటాతో మేం విడిగా పేపరు రాసుకోవచ్చా? జవాబు దాటేస్తే చేరొద్దు. బాగా నడిచేవీ ఉన్నాయి. కుట్లు వేసే ముందు గ్లౌజులు, పరికరాలు మారిస్తే పుండు చీము పట్టడం తగ్గుతుందని 2022లో తేల్చిన చీటా ట్రయల్ మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో జరిగింది. ఇక్కడి పని లూధియానా సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) కేంద్రంగా సాగింది.

అసలు బలం మీ అమ్మాయి వార్డులోనే ఉంది. ఆపరేషన్ అయిన ముప్పయ్యో రోజున పుండు ఎలా ఉందని ఫోన్ చేయాలి. కేస్ షీట్‌లో ఉన్న నంబరు పక్కింటివాళ్లది. వాళ్లు పిలిచి ఇస్తే, "చీము పట్టిందమ్మా, మా ఊరి ఆరెంపీ సూదేశాడు, తగ్గింది" అంటుంది పేషెంటు. స్టడీ ఫారంలో ఆరెంపీకి గడి ఉండదు. అలాంటి చీము ఎంత లెక్కలోకి రాకుండా పోతోందో తేల్చగలిగేది ఆ ఫోన్ చేసిన మనిషే. ఈ ప్రశ్న ఎక్కడో దూరాన ఆఫీసులో కూర్చున్న వాళ్లకు తట్టదు.

థీసిస్ ఎలాగూ రాయాలి, అందులో మొదటి పేరు తనదే. దాన్ని గైడ్ అల్మారాలో వదిలేయకుండా పేపరుగా మార్చాలి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐసీఎంఆర్-ఎన్‌ఐఈ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ కోర్సు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలో ఉంది, దాన్ని మొక్కుబడిగా కాకుండా చేయమనండి. తనది ప్రభుత్వ కాలేజీ అయితే, 2025 నుంచి నడుస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో పెద్ద జర్నళ్లు లైబ్రరీ ద్వారా ఉచితంగా చదవొచ్చు. ప్రచురణకు లక్షలు అడిగే జర్నళ్లున్నాయని భయపడొద్దు, పాఠకుల చందాలతో నడిచేవి చాలావరకు రచయిత దగ్గర ఫీజు తీసుకోవు. పది రోజుల్లో అచ్చేస్తామని డబ్బడిగే వాళ్ల జోలికి మాత్రం పోనివ్వకండి.

ఈ ఆదివారం ఇంటికొస్తే మార్కుల సంగతి పక్కనపెట్టి, ఫోన్లో విన్న పేషెంట్ల మాటలు ఎక్కడైనా రాసిపెట్టుకుందేమో అడగండి. లేకపోతే ఒక నోటుబుక్కు కొనివ్వండి.