గూఢచారి బొమ్మల కథల ప్రభావం

ప్రశ్న: మా గ్రంథాలయంలో పిల్లలు గూఢచారి బొమ్మల కథలే అడుగుతున్నారు. అవి కాలక్షేపానికేనా, సమాజంపై వాటి ప్రభావమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ప్రభావం ఉంది, అది రెండు విధాలుగానూ పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అనేక అమెరికన్ కామిక్స్ జపనీయులను వికృతరూపులైన గూఢచారులుగా చిత్రించాయి. ఆ రోజుల్లోనే, 1942లో, జపాన్ సంతతి అమెరికన్లను వేల సంఖ్యలో నిర్బంధ శిబిరాలకు తరలించారన్నది మరువరాదు. దీనికి భిన్నమైనది ఆంటోనియో ప్రోహియాస్ కృషి. క్యాస్ట్రో ప్రభుత్వాన్ని విమర్శించి, అమెరికా గూఢచార సంస్థ సీఐఏ మనిషనే నింద మోసి, 1960లో క్యూబా విడిచిన ఈ చిత్రకారుడు 1961 నుంచి అమెరికన్ హాస్య పత్రిక 'మ్యాడ్'లో 'స్పై వర్సెస్ స్పై' అనే బొమ్మల కథలు గీశారు. పొడవైన కోసు ముక్కు, వెడల్పు టోపీ, ఒకే పోలిక ఉన్న ఇద్దరు గూఢచారులలో ఒకరిది నల్ల దుస్తులు, మరొకరిది తెల్ల దుస్తులు. సంభాషణలు లేవు, ఒకసారి గెలిచినవాడు మరోసారి తాను తవ్విన గోతిలోనే పడతాడు. ప్రచ్ఛన్న యుద్ధాన్ని ఇంత సూటిగా చూపిన బొమ్మలు అరుదని నా అభిప్రాయం.

గూఢచర్యం వెలుపల, 1971లో స్పైడర్‌మ్యాన్ కథ మాదకద్రవ్యాల హానిని చూపినందుకు మూడు సంచికలు, కామిక్స్ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమావళి ఆమోదముద్ర లేకుండానే వెలువడ్డాయి. ఆ ఏడాదే ఆ నియమావళిని సడలించారు. కాబట్టి పిల్లలను ఆపకండి; పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు, అందులో శత్రువుగా ఎవరిని, ఎందుకు చూపారో అడిగి చూడండి.