కాలనీ రెస్టారెంట్‌లో ఏ కూర చెప్పినా ఒకే రుచి ఎందుకొస్తుంది? నలుగురం వెళ్తే ఏం చెప్పుకోవాలి?

మీ నాలుక తప్పేమీ లేదండి. కూరలన్నీ ఒకే చోట నుంచి వస్తున్నాయి కాబట్టి ఒకేలా ఉంటున్నాయి. మెనూలో వెజ్ కర్రీస్ పేజీలో ముప్పై పేర్లు ఉండొచ్చు. హైదరాబాద్ కానివ్వండి, విజయవాడ కానివ్వండి, మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్ వంటింట్లో పొద్దున్నే వండి పెట్టుకునే గ్రేవీలు మాత్రం మూడే. టమాటాలతో ఎర్రది, ఉడికించిన ఉల్లిపాయ, జీడిపప్పుతో తెల్లది, ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, టమాటాలతో గోధుమరంగుది. ఆ ముప్పై పేర్లలో చాలా వరకు ఈ మూడింటి కలయికలే.

పనీర్ బటర్ మసాలా సంగతే చూడండి. ఆర్డర్ తీసుకునే కెప్టెన్ రాసిన కేఓటీ, అంటే వంటింటికి వెళ్లే ఆర్డర్ చీటీ, లోపలికి రాగానే వంట మాస్టర్ చిన్న పెనం మంట మీద పెడతాడు. ఒక చెంచా నూనె, ఒక చెంచా వెన్న. వెన్న కరిగీ కరగకముందే అల్లంవెల్లుల్లి ముద్ద, దాని పచ్చివాసన పోగానే అర చెంచా కాశ్మీరీ కారం. ఆ కారం నూనెలో ఏమాత్రం ఎక్కువసేపు ఉన్నా మాడి చేదెక్కుతుంది, అందుకే వెంటనే పెద్ద గరిటెడు ఎర్ర గ్రేవీ పోస్తాడు. పైన అర గరిటె తెల్ల గ్రేవీ, కాసిని వేడినీళ్లు. ఉప్పునీళ్లలో నానుతున్న పనీర్ ముక్కలు ఎనిమిదో పదో వేసి, రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి, అరచేతిలో నలిపిన కసూరి మేతి (ఎండు మెంతాకు), చిటికెడు పంచదార, ఒక చెంచా క్రీమ్ వేసి దించేస్తాడు. అంతా కలిపి ఆరేడు నిమిషాల పని. అదే పెనంలో తెల్ల గ్రేవీ పెంచి యాలకుల పొడి వేస్తే షాహీ పనీర్. గోధుమరంగు గ్రేవీలో క్యాప్సికం, ఉల్లి రెబ్బలు వేయించి, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, ఎండుమిర్చి చల్లితే కడాయి పనీర్. మీరు ఈ మూడూ ఒకే పూట చెప్పుకుంటే బల్లమీదికి మూడు రంగులొస్తాయి గానీ మూడు రుచులు రావు.

బటర్ చికెన్‌కి ఇంకో అన్యాయం జరుగుతోంది. ఢిల్లీ దరియాగంజ్‌లోని మోతీ మహల్‌తో పేరు తెచ్చుకున్న వంటకం అది. దాన్ని మొదట వండింది ఎవరన్న తగువు 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరు వండినా దాని ప్రాణం తందూర్‌లో కాలిన కోడి. అంచులు కాస్త నల్లబడిన ఆ ముక్కలు గ్రేవీలో పడితేనే పొగ వాసన పట్టి, టమాటా తీపికి విరుగుడు దొరుకుతుంది. మన కాలనీల్లో చాలాచోట్ల ముందే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన బోన్‌లెస్ ముక్కలు వేసి దించేస్తున్నారు. "ముక్కలు తందూర్‌లో కాల్చినవేనా?" అని ఆర్డర్ ఇచ్చేముందే అడగండి. కెప్టెన్ లోపలికి వెళ్లి కనుక్కొస్తానన్నాడంటే ఆ పూటకి అది వద్దు.

గ్రేవీ ముందే వండి పెట్టుకోవడం తప్పని నేననను. శనివారం రాత్రి ముప్పై బల్లలకు ప్రతి కూరా ఉల్లిపాయ తరగడం దగ్గర నుంచి మొదలుపెట్టడం ఎవరివల్లా కాదు. చెడేది ఆ గ్రేవీ వండే పద్ధతి దగ్గరే. పెద్ద గిన్నెడు ఉల్లిపాయ నిజంగా ఎర్రబడాలంటే గంట సేపైనా కలుపుతూ నిలబడాలి. ఓపిక లేని చోట సగం వేగగానే మిక్సీ పట్టేస్తారు, ఆ పచ్చివాసన కప్పడానికి గరం మసాలా, పంచదార గుమ్మరిస్తారు. మీకు ఏ కూరైనా తియ్యగా, ఘాటుగా, ఒకేలా అనిపించడానికి అసలు కారణం ఇదే. రెండోది జీడిపప్పు ఖర్చు. దాని బదులు మగజ్, అంటే ఎండు పుచ్చగింజల పప్పు, నానబెట్టి రుబ్బుతారు. కొంత కలిపితే ఫరవాలేదు. సగం దాటితే గ్రేవీకి ఒక చప్పిడి మట్టివాసన వస్తుంది, చల్లారితే ముద్దగా గడ్డకడుతుంది. మూడోది నిన్న మిగిలిన గ్రేవీని ఇవాళ్టి దాంట్లో కలపడం. బాగా ఉడికిన గ్రేవీకి అంచుల్లో పలచగా నూనె తేలుతుంది. నూనెకు బదులు నీళ్లు విడిపోయి, నాలుక చివర పులుపు తగిలితే ఆ గిన్నె వెనక్కి పంపండి. మొహమాటపడాల్సిన పనిలేదు.

మరి ఏం చెప్పుకోవాలి అంటే, ఆ మూడు గ్రేవీలతో సంబంధం లేనివి. దాల్ తడ్కా చెప్పండి. పప్పు పొద్దున ఉడికించిందే అయినా నెయ్యి, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు మాత్రం అప్పటికప్పుడు పడుతుంది, రుచంతా ఆ పోపులోనే ఉంది. జీరా ఆలూ, బెండకాయ వేపుడు, ఎగ్ బుర్జీ, ఎముకతో చేసిన చికెన్ ఫ్రై, ఇవన్నీ పెనం మీద మొదలై పెనం మీదే ముగుస్తాయి. గోంగూర చికెన్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది మన వంటకం కదా అని నమ్మకంగా చెబుతాం. చాలాచోట్ల గోధుమరంగు గ్రేవీలో రెండు చెంచాల నిల్వ గోంగూర ముద్ద కలిపి తెచ్చేస్తారు. ఆకుతో వండారా, సీసాలోని ముద్దా అని అడిగి చెప్పండి.

రొట్టెల విషయంలో అందరూ ఒకటే పొరపాటు చేస్తారు, ఎనిమిది బటర్ నాన్లు ఒకేసారి చెప్పేస్తారు. నాన్ మైదాతో చేసింది. తందూర్ గోడకు అంటించాక ఒకటిన్నర నిమిషంలో పొంగి మచ్చలు పడుతుంది, బల్ల మీదికి వచ్చాక ఐదారు నిమిషాల్లో తోలులా సాగడం మొదలవుతుంది. తందూరీ రోటీ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. కాబట్టి మనిషికి ఒకటి చొప్పున చెప్పి, సగం తిన్నాక రెండో విడత చెప్పండి. ఇంకొకటి, చల్లటి తందూర్ వేడెక్కడానికి ముప్పావు గంటైనా పడుతుంది. చిన్న హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరున్నరకో ఏడుకో వెలిగిస్తారు. మీరు ఏడింటికే వెళ్లి నాన్ చెబితే పైన తెల్లగా, లోపల పిండిపిండిగా వస్తుంది. ఏడున్నర దాటాక, ఎనిమిదిన్నర రద్దీ మొదలుకాకముందు మంచి సమయం. రద్దీలో మాస్టర్ ఒకే పెనంలో నలుగురి కూర వేసి పంచుతాడు, మీరు చెప్పిన "కారం తక్కువ" మాట అక్కడే పోతుంది.

ఇక బిర్యానీ. దీని గురించి చెప్పకుండా వదిలేస్తే ఈ జవాబుకి అర్థం లేదు. హైదరాబాదీ కచ్చి పద్ధతిలో పచ్చి మాంసాన్ని పెరుగు, వేయించిన ఉల్లిపాయ, పుదీనా, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, నిమ్మరసంతో ఊరబెట్టి హండీ, అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నె, అడుగున పరుస్తారు. మసాలా దినుసులు వేసిన నీళ్లలో ముప్పావు వంతు ఉడికిన బియ్యాన్ని దాని మీద వేసి, మూత చుట్టూ పిండి అంటించి, మొదట పెద్ద మంట, ఆవిరి రాగానే సన్న సెగ. చికెన్‌కి ముప్పావు గంట, మటన్‌కి అంతకు రెట్టింపు. సీలు తీసిన మొదటి గంటలో ఉన్న బిర్యానీ వేరు, మూడు గంటల తర్వాత ఉన్నది వేరు. కాలనీ హోటల్లో రోజుకు రెండుసార్లు హండీ దింపుతారు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఒకటి, సాయంత్రం ఏడు ప్రాంతంలో ఒకటి. నాలుగింటికి వెళ్లి బిర్యానీ బాగాలేదంటే ఏం లాభం? హండీ ఎప్పుడు తీశారో అడగండి. వడ్డించేవాడు పైపైన తెల్ల అన్నం తోడకుండా, సాసర్‌ని పక్క నుంచి అడుగు దాకా దింపి మసాలా, ముక్క, అన్నం మూడూ కలిసొచ్చేలా తీయాలి. "అడుగు నుంచి పెట్టించండి" అన్న ఒక్క మాటతో ప్లేటు మారిపోతుంది.

బియ్యం కూడా గమనించండి. ఇప్పుడు చాలామంది సెల్లా బాస్మతి వాడుతున్నారు, అంటే ఉప్పుడు బాస్మతి. గంటల తరబడి హండీలో ఉన్నా మెతుకు విరగదు, హోటల్ వాళ్లకు అదే కావాలి. కానీ మెతుకు బిరుసుగా ఉండి మసాలా లోపలికి పట్టదు. పాత పచ్చి బాస్మతితో వండిన చోటు మీ కాలనీలో ఉంటే దాన్ని వదులుకోకండి. స్పెషల్ బిర్యానీ పేరుతో అదే అన్నం మీద వేయించిన బోన్‌లెస్ ముక్కలు, ఎర్ర గ్రేవీ పోసి ఎక్కువ ధర తీసుకోవడం నాకు ససేమిరా నచ్చదు. దమ్‌లో ఉడకని ముక్కకి ఆ అన్నంతో చుట్టరికం ఏమిటి? సాదా దమ్ బిర్యానీ చెప్పుకుని, సాలన్ ఇంకో గిన్నె అడగండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఎగ్ బిర్యానీ చాలాచోట్ల చికెన్ హండీలోని అన్నమే, పైన గుడ్డు పెడతారు. వెజ్ బిర్యానీకి విడిగా హండీ పెడుతున్నారా లేదా అన్నది అడిగి, స్పష్టమైన జవాబు రాకపోతే జీరా రైస్‌తో సరిపెట్టుకోండి.

స్టార్టర్లలో ఎర్రటి ఎరుపు చూసి మురిసిపోకండి. కాశ్మీరీ కారం ఇచ్చే రంగు ముదురు ఇటుక రంగు, వేళ్లకు అంటుకుని కడిగినా పోని నారింజ ఎరుపు డబ్బాలో వచ్చే కృత్రిమ రంగుది. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో, జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులను నిషేధించింది. మన దగ్గర ఆ సంగతి అడిగే గిరాకీయే తక్కువ. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా, ఎండాకాలంలో బల్ల మీద వదిలేసిన ఆ తెల్ల గిన్నె ముట్టుకోవద్దు. చికెన్ 65, అపోలో ఫిష్ లాంటి వేపుళ్లకి నూనె ముఖ్యం. నల్లగా, జిగటగా, నురగ కట్టే నూనెలో వేగిన ముక్క తిన్నాక గొంతులో పట్టేసినట్టుంటుంది. అలా అనిపిస్తే ఆ హోటల్లో వేపుడు మానేసి కాల్చినవే తినండి.

నలుగురికి నేనైతే ఇలా చెబుతాను. కూర్చోగానే తందూరీ చికెన్ హాఫ్, ఎందుకంటే దానికి పావుగంట పైనే పడుతుంది. సూప్ వద్దు, వన్ బై టూ చేసినా అది కార్న్‌ఫ్లోర్ నీళ్లే, ఆకలి చంపేస్తుంది. ఒక దాల్ తడ్కా, ఒక పొడి వేపుడు, గ్రేవీ కూర ఒక్కటంటే ఒక్కటి. మామూలుగా గ్రేవీ కూర ఇద్దరికి సరిపోతుంది, పప్పు తోడుంటే నలుగురూ సర్దుకోవచ్చు. నాలుగు రొట్టెలు, తర్వాత మళ్లీ నాలుగు. చివర్లో ఒక సింగిల్ బిర్యానీ మధ్యలో పెట్టుకుని, సాదా పెరుగు. ఇంత కంటే ఎక్కువ చెబితే మిగిలేవి గ్రేవీలే.

అసలు కాలనీ హోటల్లో అన్నిటికన్నా తాజా తిండి మామూలు రోజున మధ్యాహ్నం మీల్స్. పప్పు, వేపుడు, సాంబారు, రసం ఆ పూట వండి ఆ పూట ఖర్చయ్యేవి. పన్నెండున్నర నుంచి రెండు లోపు వెళ్లండి. రెండు దాటితే రసంలో నీళ్లు పడతాయి, వేపుడు చేతికి రాదు.

బిల్లు చూసే ఇవ్వండి. ఏసీ ఉన్నా లేకున్నా ఇలాంటి రెస్టారెంట్‌లో జీఎస్టీ ఐదు శాతమే, 2017 నవంబర్ 15 నుంచి ఇదే లెక్క. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే తన అమ్మకాల మీద పన్ను తానే కట్టుకునే జీఎస్టీ పద్ధతిలో, ఉన్న చిన్న హోటల్ అయితే మీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయడానికే వీల్లేదు, ఆ మాట బిల్లు మీదే రాసి ఉండాలి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు కూడా బిల్లు మీద ఉండాలి. సర్వీస్ ఛార్జ్ అని కలిపితే తీసేయమనండి. దాన్ని బిల్లులో తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. టిప్ ఇవ్వాలనుకుంటే నగదుగా ఇవ్వండి. కౌంటర్ దగ్గర టిప్ డబ్బా ఉంటే అందులో వేయండి, అది లోపల తందూర్ సెగకు నిలబడే వాళ్లకు కూడా పంచుతారో లేదో ఒక మాట అడగండి.