పల్టన్ నుంచి బెంచికి: మేనల్లుడికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పెన్షన్ కాగితాలు చేతికొచ్చాయనీ, బరంపురం లింగరాజ్ లా కాలేజీలో చేరుతున్నాననీ రాశావు. చాలా సంతోషం. జడ్జి కావాలంటే ఫౌజులో చేసిన సర్వీసు పనికొస్తుందా, అడ్డొస్తుందా అని అడిగావు. రెండూ జరుగుతాయి. పనికొచ్చేవి నీకు తెలిసినవే: చెప్పిన వేళకి చెప్పిన చోట ఉండడం, పెద్దమనుషుల ఫోన్లకి బెదరకపోవడం, కాగితం చదవకుండా సంతకం పెట్టకపోవడం. నేనూ యూనిఫాం విప్పి నల్లకోటు తొడిగినవాణ్ణే, తర్వాత బెంచి మీద కూర్చున్నవాణ్ణే కాబట్టి అడ్డొచ్చేదాని గురించే ఎక్కువ రాస్తాను.

నీ యూనిట్‌లో సమరీ కోర్టు మార్షల్, అంటే తప్పు చేసిన జవానుని యూనిట్‌లోనే త్వరగా విచారించే సైనిక కోర్టు, చూసే ఉంటావు. అక్కడ కోర్టంటే సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) ఒక్కడే. మరో ఇద్దరు కూర్చుంటారు గానీ తీర్పు వాళ్లది కాదు. లెఫ్టినెంట్ కల్నల్, ఆపై హోదా ఉన్న సీఓ ఏడాది వరకు జైలు వేయగలడు. సరిహద్దులో నిలబడే పల్టన్‌కి ఆ వేగం ఎందుకు కావాలో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కానీ రంజిత్ ఠాకూర్ కేసు మాత్రం కాలేజీలో చేరిన మొదటి వారంలోనే చదువు. ఆయన సిగ్నల్ రెజిమెంట్ జవాను. అధికారి వేధిస్తున్నాడని నేరుగా పైవాళ్లకి అర్జీ పంపినందుకు 28 రోజుల శిక్ష పడింది. 1985 మార్చిలో ఆ శిక్ష అనుభవిస్తుండగానే, అన్నం తినమని ఆర్డరిస్తే తినలేదని మరో నేరం మోపారు. ఎవరి మీద అర్జీ పెట్టాడో ఆ అధికారే విచారణలో కూర్చున్నాడు. ఏడాది కఠిన జైలు వేశారు, ఉద్యోగమూ తీసేశారు. 1987లో సుప్రీంకోర్టు అదంతా కొట్టేసింది. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ఆ తీర్పులో అన్నదాని సారం ఇది: నాలో పక్షపాతం ఉందా అని జడ్జి తన మనసునే అడిగి ఊరుకుంటే చాలదు, ఎదుట నిలబడ్డవాడి మనసుకి ఎలా కనిపిస్తుందో చూడాలి.

నీకు నేను చెప్పదలిచింది ఇదే. ఫౌజులో నీ ముందు నిలబడినవాడు నీ మనిషి. వాడి ఊరు, పెళ్లాం పిల్లలు, అలవాట్లు అన్నీ నీకు తెలుసు. కోర్టులో బోనెక్కేవాడు నీ జవాను కాడు, నీ మాట వినాల్సిన పనీ లేదు. తలవంచుకుని నోరు మెదపకపోతే పొగరనుకోకు. మన జిల్లాలో చాలాసార్లు దాని అర్థం వాడికి సవర తప్ప మరో భాష రాదనే.

యుద్ధం అందరినీ ఒకేలా మార్చదు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి ఆలివర్ వెండెల్ హోమ్స్ అంతర్యుద్ధంలో మూడుసార్లు గాయపడ్డాడు. 1919లో ప్రభుత్వానికి నచ్చని కరపత్రాలు పంచినవాళ్ల పక్షాన నిలబడి గొప్ప అసమ్మతి తీర్పు రాశాడు. అదే మనిషి 1927లో క్యారీ బక్ అనే పేద అమ్మాయికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థించాడు. దేశం ఉత్తమ పౌరుల్నే ప్రాణాలిమ్మని అడుగుతోంది కదా, వీళ్లని ఇంతకన్నా చిన్న త్యాగం అడగకూడదా అన్నది ఆయన వాదన. యుద్ధానికి తన ఇష్టంతో వెళ్లినవాడు, ఇష్టం లేని అమ్మాయి ఒంటి మీద ఆ లెక్క వేశాడు. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అదే అమెరికా సుప్రీంకోర్టులో తర్వాతి కాలపు జడ్జి జాన్ పాల్ స్టీవెన్స్‌ది మరో దారి. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ తరఫున పెర్ల్ హార్బర్‌లో శత్రువుల సంకేతాల మీద పనిచేశాడు. అలా దొరికిన సమాచారంతోనే 1943లో జపాన్ అడ్మిరల్ యమమోటో విమానాన్ని కూల్చారు. ఫలానా మనిషిని గురిపెట్టి చంపడం ఆయన మనసులో ఉండిపోయింది. మరణశిక్ష మీద తన ఆలోచనకి అదీ ఒక కారణమని తర్వాత చెప్పాడు. 2008 నాటికి ఆ శిక్షే రాజ్యాంగానికి విరుద్ధమని రాశాడు.

ఇక మన పని సంగతి. మెజిస్ట్రేటువైతే రోజూ నీ ముందుకొచ్చేది రిమాండ్. పోలీసు సెల్యూట్ కొట్టి కాగితం పెడతాడు. యూనిఫాం తొడిగిన చెయ్యి యూనిఫాంని తొందరగా నమ్ముతుంది, అక్కడే జాగ్రత్త. అరెస్టయి 24 గంటలు దాటిందేమో లెక్క చూడు. నిందితుణ్ణి దగ్గరికి పిలిచి ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూడు. సవర తెలిసిన మనిషిని పిలిపించి అడిగించు, పోలీసు చేత అడిగించకు. మన గజపతి కొండల్లో గంజాయి కేసులు ఎక్కువ. పట్టుకున్న సరుకు జాబితా, ఫొటోలు, నమూనాలు సరైనవేనని మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 52ఎ సెక్షన్ కింద మెజిస్ట్రేటే ధ్రువీకరించాలి. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిల్ దొరకడం మహా కష్టం. ఆ అంకె మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంటుంది. కాటా నీ కళ్ల ముందు పెట్టించు, బస్తా బరువు వేరుగా తూయించు. ఆలస్యమవుతుందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

అర్హతల టెన్షన్ పెట్టుకోకు. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన రోజు (ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్) నుంచే లెక్క కాబట్టి, పట్టా రాగానే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించు. వయసు సడలింపు గురించి క్యాంటీన్‌లో చెప్పుకునేవి నమ్మకు, నోటిఫికేషన్ తెచ్చుకుని చదువు. వయసు దాటితే ఏడేళ్లు వకీలుగా చేసి నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాసే దారి రాజ్యాంగం 233వ అధికరణంలో ఉంది. ఒడియా మాట్లాడడం నీకొచ్చు, రాయడం ఇవాళే మొదలెట్టు.

ఆ మూడేళ్లూ పెద్ద ఫీజుల సీనియర్ దగ్గర చేరకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉండి జైలుకెళ్లి ఖైదీలతో మాట్లాడే వకీలు దగ్గర చేరు. ఇక్కడి బార్‌లో అలాంటివాళ్లు నాకు తెలుసు. దసరా సెలవులకి వచ్చినప్పుడు నిన్ను వెంటబెట్టుకెళ్లి పరిచయం చేస్తాను.

ఇట్లు,
మీ మావయ్య