సైన్యంలో వాతావరణ సూచనలు చేసినవాళ్లు రిటైరయ్యాక ఏం చేస్తారు?

అమెరికా సంగతి చెబుతాను, అక్కడ సైన్యం నుంచి బయటి వాతావరణ పనుల్లోకి వెళ్లే బాట పాతదే.

1948 మార్చి 20న ఓక్లహామాలోని టింకర్ వైమానిక స్థావరంపై టోర్నడో విరుచుకుపడి విమానాలను తుక్కు చేసింది. అక్కడి వాతావరణ అధికారులు ఫాబుష్, మిల్లర్ పాత చార్టులు ముందేసుకుని, టోర్నడోలు పుట్టిన రోజుల్లో గాలి, తేమ ఎలా ఉన్నాయో పోల్చి చూశారు. మార్చి 25న మ్యాపులో అదే తీరు కనబడింది. వారం తిరక్కుండా అదే చోటికి మళ్లీ వస్తుందని చెప్పాలంటే గుండెధైర్యం కావాలి. చెప్పారు. సాయంత్రానికి వచ్చింది!

ఇలా సైన్యంలో సూచనలు చేసినవాళ్లలో కొందరు యూనిఫాం విడిచాక జాతీయ వాతావరణ సేవలోనో, టీవీలోనో చేరతారు. ఆ తర్వాత కూడా ఊరికే కూర్చోలేనివాళ్లకు సహకార పరిశీలకుల పథకం ఉంది, 1890 నుంచీ నడుస్తోంది. రోజూ ఒకే వేళకు పెరట్లోని వానమాపకం చూసి రాయాలి. అందులో లోపలి గొట్టం వైశాల్యం గరాటు నోటి వైశాల్యంలో పదోవంతే. అంగుళం వాన పడితే గొట్టంలో నీళ్లు పది అంగుళాలు నిలుస్తాయి, అంగుళంలో నూరోవంతు కూడా కంటికి ఆనుతుంది. మంచు పడితే కరిగించి కొలుస్తారు. చుక్క పడని రోజు కూడా సున్నా రాయాల్సిందే, ఖాళీ వదిలితే వాన పడలేదో, మనిషి చూడలేదో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో కష్టమైన భాగం ఇదే.

స్కైవార్న్ అని ఇంకో వాలంటీర్ల పథకం ఉంది, తీవ్రమైన గాలివానలను కనిపెట్టి చూసేవాళ్లది. మేఘంలో గాలి సుడి తిరుగుతోందని రాడార్ చెబుతుంది, నేల దగ్గర ఏం జరుగుతోందో చూసి కబురు పెట్టేది ఈ వాలంటీర్లే. శిక్షణ ఉచితం.