మంగళారతులా, మంగళ హారతులా?

ప్రశ్న: మా అమ్మాయి బడి వార్షికోత్సవంలో ‘మా తెలుగు తల్లికి’ పాడబోతోంది. బడిలో ఇచ్చిన కాగితంలో ‘మంగళ హారతులు’ అని ఉంది. మా అమ్మ మాత్రం ‘మంగళారతులు’ అనే పాడుతుంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఈ పాట వరకు మీ అమ్మగారిదే ఒప్పు తల్లీ. శంకరంబాడి సుందరాచారిగారు దీన్ని 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. ఇంటింటికీ చేర్చింది మాత్రం టంగుటూరి సూర్యకుమారిగారి గ్రామఫోను రికార్డు. చెవితో నేర్చుకున్నవాళ్లకు ఈ సందేహం రాదు. తాళం వేసి చూడండి: మా తెలుగు – తల్లికీ – మల్లెపూ – దండ, మా కన్న – తల్లికీ – మంగళా – రతులు. అయిదేసి మాత్రల నడక (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు), చివర మూడు మాత్రల విరుపు. ‘మంగళ హా’ అన్నారో, ఆరు మాత్రలై అడుగు తడబడుతుంది. ‘మల్లెపూలదండ’ అని పాడేవారికీ ఇదే జవాబు.

ఇక మాట పుట్టుక చూస్తే మూలం సంస్కృతంలోని ‘ఆరాత్రికం’. రాత్రివేళ దేవుడి ముందు తిప్పే దీపం, ఆ దీపం తిప్పడం కూడా. రాత్రి ప్రాకృతంలో ‘రత్తి’ అయినట్టే ఆరాత్రికం అరిగి అరిగి ‘ఆరతి’ అయింది. హిందీవారి ఆర్తీ ఇదే. మన నోట ‘హ’ చేరి హారతి అయింది. ఆర్తిని హరిస్తుంది కనుక హారతి అని ప్రవచనాల్లో చెబుతుంటారు. వినడానికి భక్తిగా ఉంటుంది కానీ, అది వ్యుత్పత్తి కాదు. నాకు ముచ్చటగొలిపేది మరొకటి. పసుపు నీళ్లలో సున్నం కలిపి పెళ్లికొడుక్కి పట్టపగలు ఎర్రనీళ్ల హారతి ఇస్తాం. అక్కడ రాత్రీ లేదు, దీపమూ అక్కర్లేదు. మాట పుట్టినింటిని మరిచి మెట్టినింట్లో ఎంత హాయిగా స్థిరపడిందో చూడండి!

అలాగని హారతిని తప్పనలేను. ‘పతికి మంగళ హారతీరే’ అన్నవాడు త్యాగయ్య. ఆయన నడకకు హకారం కుదిరింది, సుందరాచారిగారి నడకకు కుదరదు, అంతే.

మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. ‘అభిమానులు నీరాజనాలు పలికారు’ అని పత్రికలు రోజూ రాస్తున్నాయి. నీరాజనమంటే హారతే కదా! ఇస్తాం, పడతాం, ఎత్తుతాం. పలకడానికి అదేమైనా స్వాగతమా? అన్నమయ్య క్షీరాబ్ధి కన్యకకు నీరాజనం పట్టిన భాషలో ఇలా రాయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అమ్మాయి కాగితంలో ‘హా’ కొట్టేసి, ‘ళ’కు దీర్ఘమివ్వండి. కాగితం ఇచ్చిన పంతులమ్మగారు ఒప్పుకోకపోతే, ఒక్కసారి తాళం వేస్తూ పాడి చూడమనండి.